నలుగుపిండియు, నలుపుపై కసియు

సంఘ సంచికలో భాషను గూర్చి వ్రాయవలెను, పాఠశాలలను గూర్చి వ్రాయవలెను, పూర్వుల వలసలను గూర్చి వ్రాయవలెను. ముఖమునకు పూసికొను పిండిని గూర్చి వ్రాయుట తగునా యని కొందరు పెద్దలు మమ్ము ప్రశ్నింపవచ్చును. తగుననియే మా యుత్తరము. అన్య భాషల నడుమ తరతరములుగా కాపురముండు మన కుటుంబములలో పలుచోట్ల బడి నుండి తెలుగు వెడలినది, కచేరి నుండి వెడలినది, అంగడి నుండి వెడలినది. తుదకది తల దాచుకొన్న చోటులు రెండే: వంటయిల్లు, స్నానపు గది. కుంకుళ్లు, సున్నిపిండి, కచ్చూరాలు, నలుగు, తలంటు అను మాటలు మన బిడ్డల నోట ఇంకను మిగిలియున్నచో అవి పుస్తకముల వలన మిగులలేదు. పండుగనాటి తెల్లవారుజామున పెద్దలు పీట వేసి కూర్చుండబెట్టుట వలన మిగిలినవి. ఆ పీటను ఎత్తివేసిన నాడు ఆ మాటలును లేచిపోవును.

ఐనను నలుగుపిండికి మంగళహారతి పట్టుటకు మేము కలము పట్టలేదు. మూడు పక్షముల వారితో మాకు వ్యాజ్యము కలదు. మొదటివారు మన యింటి పిండినే సీసాలో పోసి, ఆర్గానిక్ అని పేరు పెట్టి, మనకే అమ్మువారు. రెండవవారు ప్రకృతిసిద్ధమైనది గావున హాని చేయదని కన్నులు మూసికొని బోధించు మన పెద్దలు. మూడవవారు బిడ్డ నల్లగా నున్నదని నలుగు పెట్టు తల్లిదండ్రులు, అనగా మనమే. ముగ్గురిలో మన దోషమే పెద్దది. తక్కిన యిద్దరును మన కసిని పెట్టుబడిగా పెట్టి బ్రతుకుచున్నారు.

కొన్నాళ్ల క్రిందట బళ్ళారిలో మా దగ్గరి బంధువుల యింట పంతొమ్మిదేండ్ల పిల్లకు పెండ్లిచూపులు కుదిరినవి. పదునైదు దినముల వ్యవధి యుండెను. ఎవరో చెప్పిరని తల్లి నిమ్మరసములో పసుపు కలిపి ముఖమునకు, మెడకు పట్టించి, చలికాలము గదా యని మిద్దెమీద ఎండలో కూర్చుండబెట్టెను. రెండవ నాటికి చర్మము కందెను. మూడవ నాటికి బొబ్బలెక్కెను. బొబ్బలు మానిన చోట నల్లని మచ్చలు తేలెను. ఆ మచ్చలు పోగొట్టుటకు, మూలికలతో చేసినదని చెప్పి యమ్మిన పూతనొకదానిని అంగడిలో కొనిరి. డబ్బాపై చిరునామా లేదు, పదార్థముల పట్టిక లేదు. పది దినములలో ముఖము నిగనిగలాడెను. పూత మానిన వారములోనే ఎఱ్ఱబారి మంటలెత్తెను. చర్మవైద్యుడు చూచి, అందులో స్టెరాయిడు కలిసియుండునని చెప్పెను. పిల్ల కోలుకొనుటకు ఏడాది పట్టెను. ఆ పెండ్లిచూపులు జరుగనే లేదు.

ఒకనాడు మేము చూడబోయినపుడు ఆ పిల్ల తన అవ్వ నడిగిన మాట మా చెవులలో నేటికిని మెదలుచున్నది. "అవ్వా, నేను నల్లగా ఉంటే నీకేమన్నా నష్టమా?" ముసలమ్మ చాలసేపు మాటాడలేదు. పిదప నెమ్మదిగా ననెను: "మా అత్త నా రంగు చూసి మూతి ముడిచె. నేను మీ అమ్మను చూసి ముడిస్తిని. మీ అమ్మ నిన్ను చూసి దిగులు పడె. ఎవురో ఒకరు ఇది నిలపాల కదా, తల్లీ." ఈ వ్యాసమంతయు ఆ ముసలమ్మ మాటకు వ్యాఖ్యానమే యనుకొనుడు.

మొదట ఆ నిమ్మరసము సంగతి చూతము. మన ముఖచర్మము పైపొర స్వభావముచేతనే కొంచెము ఆమ్లగుణము గలది. శాస్త్రజ్ఞుల కొలతలో అది ఇంచుమించు 4.5 నుండి 5.5 వరకు ఉండును. నిమ్మరసము 2 దగ్గర నిలుచును. ఆ కొలతలో ఒక్కొక్క అంకె తగ్గినపుడెల్ల పులుపు పది రెట్లు పెరుగును గావున, నిమ్మరసము చర్మముకన్న కొన్ని వందల రెట్లు తీక్ష్ణమైనదని గ్రహింపవలెను. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. నిమ్మజాతి ఫలములలో, అంజూరపు పాలలో, బావంచాలలో సొరాలెన్ కుటుంబమునకు చెందిన పదార్థములుండును. అవి చర్మముపై నుండగా ఎండ తగిలినచో, ఎండలోని కంటికి కానరాని కిరణములతో కలిసి చర్మమును కాల్చును. కాలిన చోట నల్లని మచ్చ నెలల తరబడి నిలుచును. తెల్లబరచుటకు పూసినది నల్లబరచుటకు కారణమిదియే.

బావంచాల పేరు విని కొందరు ఉలికిపడవచ్చును. అవి మన సున్నిపిండిలో పూర్వమునుండి పడుచున్నవే గదా. అవును, పడుచున్నవి. బొల్లి మచ్చలకు ఎండతో కూడిన చికిత్సలో మన వైద్యులు వాడిన గింజయు అదియే. నేటి ఆసుపత్రులలో సొరాలెన్ ఇచ్చి కిరణములు ప్రసరింపజేయు చికిత్సకు మూలములలో అదియు ఒకటి. మందుగా పనిచేయు శక్తి గలది దుర్వినియోగమైనపుడు హాని చేయు శక్తియు గలదియే యగును. తెల్లవారుజామున ఒంటికి రుద్ది వెంటనే కడిగివేసిన పిండి వేరు. అదే పిండిని ముఖమునకు పట్టించి ఎండలో ఆరబెట్టుట వేరు. ప్రకృతి మనకు తల్లియే కావచ్చును. ఉమ్మెత్తను, గన్నేరును కన్నది కూడ ఆ తల్లియే.

అట్లైన నలుగుపిండి చేయు మేలెద్ది? మేలు కలదు, అది చిన్నది, నిజమైనది. పెసరపిండియు శనగపిండియు జిడ్డును పీల్చుకొనును. మెత్తగా రుద్దినపుడు పైపొరలోని మృతకణములు రాలును. సామాన్యమైన సబ్బు 9, 10 కొలతలో నుండు క్షారము. అది చర్మపు సహజమైన నూనెను కూడ ఊడ్చివేయును. పిండి అంత కఠినముగా ఊడ్వదు. తలంటునాడు ముందుగా నూనె పట్టించి పిదప పిండితో రుద్దు క్రమములో మన పెద్దల అనుభవజ్ఞానము స్పష్టముగా కనబడుచున్నది. ముఖము శుభ్రపడును, మృదువగును, కొంత కాంతి కలుగును. అంతకు మించి అది చేయునది లేదు. పసుపు చర్మము మీద పచ్చగా నంటును, పిదప పోవును. చర్మపు లోతున రంగును పుట్టించు కణములను అది మార్చజాలదు.

ఆ కణములను గూర్చి ఒక సత్యము ప్రతి తల్లియు తెలిసికొనదగినది. తెల్లని వారికిని నల్లని వారికిని రంగుకణముల సంఖ్య ఇంచుమించు సమానమే. అవి తయారుచేయు మెలనిన్ అను వర్ణద్రవ్యపు పరిమాణములో, స్వభావములో, పంపిణీలో మాత్రమే భేదము కలదు. ఆ వర్ణద్రవ్యము తీక్ష్ణమైన ఎండ నుండి చర్మమును కాపాడు గొడుగు. మన యెండలలో పుట్టిన బిడ్డకు ప్రకృతి యిచ్చిన గొడుగును చింపివేయుటకు ప్రకృతి పేరుతోనే లేపనములు కొనుట ఎంతటి విపరీతము!

ఇక అమ్మువారి సంగతి. 1995లో అమెరికా దేశమున పసుపునకు గాయములు మాన్పు గుణము కలదను విషయముపై ఒక విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు పేటెంటు లభించెను. మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసి, ఇది భారతీయులకు తరతరములుగా తెలిసిన విషయమని ప్రాచీన గ్రంథములతో నిరూపింపగా, 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. ఆ వార్త విని మనమందరము గర్వించితిమి. విదేశీయుడు మన పసుపును తనదన్నపుడు మనకు కోపము వచ్చినది. మన దేశపు వర్తకుడు అదే పసుపును చిటికెడు కలిపి, మిగిలిన సీసాను నీటితో, మైనముతో, కృత్రిమ పరిమళముతో నింపి, పుట్టింటి పసుపని చిత్తరువు వేసి అమ్మినపుడు మనకు కోపమేల రాలేదు? వరుసలో నిలిచి కొంటిమి.

సీసాపై పదార్థములను పరిమాణపు క్రమములో వ్రాయుట మన దేశములో విధియైనది. మొదట వ్రాసినది ఎక్కువగా నుండును. పెద్ద అక్షరములతో ముందు భాగమున అచ్చువేసిన కుంకుమపువ్వు వెనుకవైపు పట్టికలో ఎన్నవ స్థానములో నున్నదో వెదకి చూడుడు. తుది వరుసలో పరిమళము పక్కన కనబడినచో మీరు కుంకుమపువ్వు పేరునకు ధర చెల్లించుచున్నారు. సహజము, శుద్ధము, ఆర్గానిక్ వంటి మాటలను తగిన వివరణయు ఆధారమును లేక ప్రకటనలలో వాడరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024లో మార్గదర్శకములు వెలువరించెను. ఆజ్ఞలు వెలువడినవి, మంచిదే. కాని కొనువాడు వెనుకవైపు చదువనంత వరకు అమ్మువాడు ముందువైపునకే రంగులు వేయును.

చందనపు కథయు వినుడు. మన పూర్వులవలెనే వలస వచ్చిన తెలుగు కుటుంబమున పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివానుగా నున్న కాలమున, మొదటి ప్రపంచ యుద్ధముచేత చందనపు చెక్క ఐరోపాకు వెళ్లుట ఆగిపోగా, 1916లో బెంగళూరున చందనతైల కర్మాగారము వెలసెను. వారి వంశమువారి స్వగ్రామము నేటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండము. కర్ణాటకమున నివసించు మనకది సంతోషింపదగిన విషయము. ఐతే నేడు చందనవృక్షము క్షీణదశలో నున్నది. దాని ధర సామాన్యునికి అందరానిది. అట్టియెడ పది, ఇరువది రూపాయలకు పొట్లములో దొరకు చందనపు పొడి చందనమెట్లగును? అది సాధారణముగా వేరొక చెక్క పొట్టునకు వాసన కట్టినది. రక్తచందనపు సంగతి మరింత విషాదకరము. ఆ చెట్టు సహజముగా పెరుగు చోటు ప్రపంచములో తూర్పు కనుమల దక్షిణ భాగమొక్కటే. శేషాచలపు అడవులలో దానిని దొంగగొడ్డళ్లు నరకుచున్నవి. మొటిమపై పూయు చారెడు పొడి ఎక్కడినుండి వచ్చినదని అడుగకుండ కొనుట తెలుగువారికి తగదు.

రెండవ పక్షము వారికి, అనగా మన పెద్దలకు, సవినయముగా ఒక మనవి. మీరు వాడిన పసుపు వేరు, నేటి అంగడి పసుపు వేరు. మీ కాలమున పసుపు కొమ్ములు కొని యింటనే దంచిరి. నేడు పొడిలో రంగు కొరకు మెటానిల్ యెల్లో అను నిషిద్ధ వర్ణమును, సీస క్రోమేటును కలుపు దుర్మార్గము ఈ ఉపఖండమున పరీక్షలలో బయటపడినది. కస్తూరి పసుపని యమ్మునది తరచుగా వేరొక జాతి కొమ్ము. పసుపును సున్నముతో కలిపి చేయు కుంకుమకు బదులు కృత్రిమ వర్ణములు వచ్చినవి. అంటించుకొను బొట్టుబిళ్లల జిగురులోని ఒక రసాయనముచేత కొందరు స్త్రీల నొసట రంగు విరిగి తెల్లమచ్చ ఏర్పడునని చర్మవైద్యులు చాలకాలముగా చెప్పుచున్నారు. మా అవ్వ వాడినదన్న మాట ప్రమాణము కావలెనన్నచో ముందుగా అవ్వ వాడిన వస్తువు మన చేత నుండవలెను. పేరు మాత్రమే మిగిలి వస్తువు మారినపుడు ఆచారము మోసగానికి ముసుగగును.

ఇప్పుడు తెలుపు లేపనములను గూర్చి. 1975లో మన దేశపు విపణిలో ప్రవేశించి ఇంటింటి పేరైన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరులోని తెలుపును తీసివేసి గ్లో అండ్ లవ్లీ యయ్యెను. పేరు మారినది, కొనువారి కోరిక మారినదా? పేరు ప్రతిష్ఠలు గల సంస్థల లేపనములకన్న భయంకరమైనవి ఊరు పేరు లేని డబ్బాలు. వాటిలో కొన్నింటియందు పాదరసముండును. పాదరసము రంగు తయారగుటను అడ్డును; చర్మము ద్వారా లోనికి చేరి మూత్రపిండములను చెరచును. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 నుండి 2023 వరకు ఒక ఆసుపత్రి వైద్యులు పరిశీలించిన ఒకానొక మూత్రపిండ వ్యాధిగ్రస్తులు 22 మంది. వారిలో ఒక ప్రత్యేక లక్షణము కనబడినవారు 15 మంది. ఆ 15 మందిలో 13 మంది తెలుపు లేపనములు వాడినవారు. లేపనము మానిన పిదప వారిలో చాలమంది కోలుకొనిరి. పాదరసమును గూర్చిన మినమాట ఒడంబడికను 2013లో దేశములు అంగీకరించినవి. భారతదేశము 2018లో ధ్రువీకరించినది. ఆ 2018లోనే 14 స్టెరాయిడు లేపనములను వైద్యుని చీటి లేక అమ్మరాదని ప్రభుత్వము కట్టడి చేసినది. చట్టము ద్వారము వద్ద కావలి నిలిచినది. మనము పెరటిగోడ దూకి కొనుచున్నాము.

ఏల కొనుచున్నాము? ఈ ప్రశ్నకు జవాబు అంగడిలో లేదు, మన యిండ్లలో నున్నది. తెలుగు సంబంధము దొరకుట కష్టమని మన సంఘములు వధూవర పరిచయ సభలు జరుపుట ప్రశంసనీయమే. ఆ సభల పత్రములను తీసి చూడుడు. చదువు, ఉద్యోగము, గోత్రము పక్కన చాయ అను గడి యొకటి కనబడును. చామనచాయ పిల్ల తండ్రి ఆ గడిలో ఎరుపనియో, గోధుమవర్ణమనియో వ్రాసి తల వంచుకొనును. భాషను నిలుపుటకు పుట్టిన సంఘమే తన బిడ్డను రంగు చూచి తూచుచున్నది. రాముని శ్యామసుందరుడని పాడుదుము, కృష్ణుని నీలమేఘమని కొలుతుము, ద్రౌపదికి కృష్ణ యను పేరే యున్నదని పురాణశ్రవణములో తల యూచుదుము. గుడినుండి వచ్చి కోడలి రంగు చూచి మూతి ముడుతుము. ఇట్టి భక్తికి అర్థమేమి?

లోకము అట్లున్నది, పిల్లకు పెండ్లి కావలదా యని కొందరు అందురు. ఆ లోకము ఎవరు? ఊరిలో నున్న మూడు వందల తెలుగు కుటుంబములలో వరుని తల్లియు మనమే, వధువు తండ్రియు మనమే. మైసూరున, మద్రాసున, బరంపురమున, షోలాపురమున అల్పసంఖ్యాకులమై యుండి, మనలను ఇతరులు చిన్నచూపు చూచినపుడు నొచ్చుకొందుము. ఆ నొప్పి యెరిగిన మనమే మన పిల్లను చిన్నచూపు చూచుట న్యాయమా? నలుగు పెట్టు చేయి ప్రేమ గలది కావచ్చును. కాని, రుద్దు, ఇంకను రుద్దు, రంగు తేలవలెనను మాట ఆ చేతి వెంట వచ్చినపుడు బిడ్డ వినునది, నీవు ఉన్నట్లుగా మాకు చాలవను మాటయే. ఏ పిండియు ఆ మాటను కడుగజాలదు.

నలుగు మనదొక్కరిదే యని గర్వించుటయు పొరపాటు. తమిళుల పెండ్లిలో నలంగు కలదు. మహారాష్ట్రులు నరకచతుర్దశి నాడు ఉటణె రుద్దుకొని అభ్యంగన స్నానము చేయుదురు. కన్నడిగుల పెండ్లిలో అరిశిన శాస్త్రము కలదు. ఒడిశాలో రజ పర్వమున కన్నెపిల్లలు పసుపు పూసికొందురు. ఇరుగుపొరుగుల పద్ధతితో పద్ధతి కలిసినపుడు స్నేహము పెరుగును. మన బిడ్డ పొరుగింటి పిల్లకు ఉటణె యనినపుడు తన యింట సున్నిపిండి యనుట తెలిసియుండవలెను. రెండు మాటలు నేర్చిన బిడ్డ ధనవంతురాలు.

ఖండించుటతో సరిపుచ్చక, చేయదగినది కూడ చెప్పుదుము. పెసలు రెండు వంతులు, శనగపప్పు ఒక వంతు నీడన ఆరబెట్టి, కొంచెము వట్టివేరు, కొద్దిగా గంధకచ్చూరాలు చేర్చి విసరుకొనుడు. పసుపు కావలెనన్నచో నమ్మకమైన చోట కొమ్ము కొని యింట దంచి చిటికెడు కలుపుడు. బావంచాలు, నిమ్మ తొక్కలు, నారింజ తొక్కలు ముఖపు పిండిలో వలదు. ఒంటికి బరక పిండి, ముఖమునకు వస్త్రగాలితము. వారమునకు ఒకటి రెండు మారులు చాలును. వ్రేళ్లతో మెల్లగా రాయవలెను, తోమరాదు. తడిపిన పిండి నిలువ యుంచినచో చెడును గావున ఏ పూటకా పూట కలుపుకొనవలెను. క్రొత్త పిండియైనను, కొన్న లేపనమైనను ముందుగా మోచేతి లోపలి భాగమున కొంచెము పూసి రెండు దినములు చూడవలెను. పుండ్లు, చీము మొటిమలు ఉన్నపుడు రుద్దుట మానవలెను. ఎండలో గొడుగు పట్టవలెను. మచ్చ మానకున్నచో వైద్యుని చూడవలెను. పొరుగింటి సలహా వైద్యము కానేరదు.

తీరిక యేదని అడుగువారికి ఒక్క మాట. ఏడాదికి సరిపడు పిండి విసరుటకు ఒక పూట చాలును. ఆ పూట అవ్వయు మనుమరాలును కలిసి కూర్చున్నచో కచ్చూరాలు, వట్టివేరు, తిరుగలి, జల్లెడ, వస్త్రగాలితము అను మాటలు పాఠ్యపుస్తకము లేకయే చేతులు మారును. ఏ సీసాయు ఆ పని చేయదు.

సంఘ పెద్దలకు మా విన్నపములు రెండు. వచ్చు వధూవర పరిచయ పత్రములోనుండి చాయ అను గడిని కొట్టివేయుడు. వచ్చు దీపావళికి సంఘమందిరమున పీటలు వేసి, పిల్లలను కూర్చుండబెట్టి, తలంటు నేర్పుడు. మొదటిదానికి ఒక కలపు గీత చాలును. రెండవదానికి కొన్ని సేర్ల పెసలు చాలును. ఆ బళ్ళారి ముసలమ్మ, ఎవరో ఒకరు నిలపాల కదా యనెను. నిలుపుట మన వంతు.